దగ్గరికెళ్తే పొలం, వెనక్కొస్తే తాతయ్య

మా నానమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్‌కి ఒప్పించడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది మధ్యలోనే తాతయ్య సంవత్సరీకం వచ్చింది. అందరం ఊళ్ళో కలిశాం. నేను హైదరాబాద్ నుంచి వెళ్తూ ఒక బొమ్మ ప్రింట్ తీయించి పట్టుకెళ్ళాను. ఏ3 సైజు. చూడ్డానికి వరి పొలం, గట్టు, నాలుగు తాటిచెట్లు, ఓ పక్కన గడ్డివాము. అంతే.

బాబాయి చేతిలోకి తీసుకుని "బాగుందిరా, ఎవరి పొలం ఇది?" అన్నాడు. అత్త కొడుకు ఫోన్‌లోంచి తలెత్తి "వాల్‌పేపరా బావా?" అన్నాడు. పెద్దత్తకి తాటిచెట్లు మరీ లావుగా అనిపించాయి. చేతులు మారుతూ ఆరుగురు చూశారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. నేనూ చెప్పలేదు.

వసారా అవతల చివర మంచం మీద కూర్చున్న నానమ్మ మాత్రం అక్కడి నుంచే అంది: "అది మీ తాతయ్యేగా? ఎవరు గీశార్రా?"

అందరూ మళ్ళీ చూశారు. బాబాయి బొమ్మని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, "అరె!" అని ఆగిపోయాడు. ఒకసారి కనిపించాక ఇక ఎవరికీ పొలం కనిపించలేదు. నీడల్లో కళ్ళు, గట్టు దగ్గర ముక్కు, గడ్డివాము కింద మీసం.

చూపు బాగున్న ఆరుగురికి కనిపించనిది, చూపు మసకబారిన ఆవిడకి పది అడుగుల దూరం నుంచి ఒక్క క్షణంలో కనిపించింది. ఇందులో మహిమేం లేదు. ఈ బొమ్మలు పనిచేసేదే అలా. ఈ వారం వాటి సంగతే చూద్దాం: ఎందుకలా కనిపిస్తాయి, ఏఐతో ఎలా చేయాలి, ఎక్కడ దెబ్బ తింటాం.

కన్ను చేసే రెండు పనులు

మన కన్ను ఒకే బొమ్మలో రెండు రకాల సమాచారం తీసుకుంటుంది. ఒకటి ముతక సమాచారం: ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుతురు, పెద్ద పెద్ద మచ్చలు. రెండోది సన్నది: ఆకుల అంచులు, గడ్డిపోచలు, ఇటుకల మధ్య గీతలు. దగ్గర నుంచి చూస్తే సన్న వివరాలే మన దృష్టిని లాగేసుకుంటాయి. దూరం జరిగితే అవి కంటికి అందవు, ముతక మచ్చలే మిగులుతాయి. కళ్ళు చికిలించినా అంతే, కళ్ళజోడు తీసేసినా అంతే. శుక్లాలున్న కంటికి మొదటి నుంచీ మచ్చలే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే మా నానమ్మ గెలిచింది.

దీన్ని శాస్త్రీయంగా బొమ్మగా చేసి చూపించింది ఆడ్ ఒలీవా, ఆంటోనియో టొరాల్బా, ఫిలిప్ షిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు. 2006లో వాళ్ళు 'హైబ్రిడ్ ఇమేజెస్' అని ఒక పేపర్ ఇచ్చారు. ఒక ఫొటోలోంచి ముతక భాగం, ఇంకో ఫొటోలోంచి సన్న భాగం తీసి ఒకదాని మీద ఒకటి వేస్తారు. దగ్గర నుంచి ఐన్‌స్టీన్, దూరం నుంచి మార్లిన్ మన్రో కనిపించే బొమ్మ మీ వాట్సాప్‌కి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అది ఒలీవా చేసిందే.

వాళ్ళకంటే ముందే చిత్రకారులకి ఈ కిటుకు తెలుసు. 1973లో లియన్ హార్మన్ అనే శాస్త్రవేత్త అబ్రహాం లింకన్ ముఖాన్ని కొన్ని వందల గళ్ళకి కుదించి, అంత తక్కువ సమాచారంతో కూడా మనం మనిషిని గుర్తుపట్టగలమని చూపించాడు. అది చూసి సాల్వడార్ డాలీ 1976లో పెద్ద పెయింటింగ్ వేశాడు. దగ్గరికెళ్తే కిటికీలోంచి సముద్రం చూస్తున్న ఆయన భార్య గాలా. ఇరవై మీటర్లు వెనక్కొస్తే లింకన్ ముఖం.

మనకీ ఇది కొత్త కాదు. అజంతా ఒకటో గుహలో నాలుగు జింకలకి ఒకే తల ఉన్న శిల్పం ఉంది. ఏ శరీరంతో కలిపి చూస్తే ఆ తల దానిదే అనిపిస్తుంది. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే దుంగలో చెక్కిన జంట బొమ్మ ముందు గుంపు ఎప్పుడూ తగ్గదు. ముందు నుంచి మెఫిస్టోఫిలీస్, వెనకున్న అద్దంలో తల వంచుకున్న మార్గరెట్టా. ఇక మాటల్లో చేసిన వాళ్ళ గురించి చెప్పాలా? పింగళి సూరన పదహారో శతాబ్దంలోనే 'రాఘవపాండవీయం' రాశాడు. అవే పద్యాలు ఒకలా చదివితే రామాయణం, ఇంకోలా చదివితే భారతం. సూరన తలలో చేసిన పని ఇప్పుడు మనం గ్రాఫిక్స్ కార్డుతో చేయిస్తున్నాం. తేడా ఏంటంటే, ఆయనకి పక్కాగా కుదిరింది. మనకి నలభై తీస్తే రెండు కుదురుతాయి.

చుక్కలు మనవి, గీతలు మోడల్‌వి

బొమ్మలు గీసే ఏఐ మోడళ్ళలో చాలావాటి పద్ధతిని డిఫ్యూజన్ అంటారు. పాత టీవీలో సిగ్నల్ పోతే చుక్కలు చుక్కలుగా గోల వచ్చేది కదా, మోడల్ అలాంటి గోలతో మొదలుపెడుతుంది. ఇరవై ముప్పై అడుగుల్లో కొంచెం కొంచెంగా ఆ గోలని తీసేస్తూ, మీరు రాసిన ప్రాంప్ట్‌కి దగ్గరగా వెళ్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మొదటి అడుగుల్లో పెద్ద ఆకారాలు తేలతాయి, అంటే ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుగు అన్నది. చివరి అడుగుల్లో సన్న వివరాలు వస్తాయి. అచ్చం మన కన్ను విడగొట్టినట్టే.

మరి పెద్ద ఆకారాలని మనం నిర్ణయించి, సన్న వివరాలని మోడల్‌కి వదిలేస్తే? ఆ పని చేసేదే కంట్రోల్‌నెట్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన ల్యుమిన్ జాంగ్, అన్యీ రావ్, మనీష్ అగ్రవాలా 2023 ఫిబ్రవరిలో దీన్ని బయటపెట్టారు. మాటలతో పాటు ఒక బొమ్మని కూడా ఇచ్చి, 'ఈ రూపం తప్పకుండా గియ్యి' అని మోడల్‌కి చెప్పే ఏర్పాటు ఇది. సంక్రాంతికి చుక్కల ముగ్గు వేస్తారే, అలా. చుక్కలు మనం పెట్టి ఇస్తాం. గీతలు ఎలా కలిపినా చుక్కల వరస మాత్రం మారకూడదు.

ఆ తర్వాత చీకటి వెలుగులని మాత్రమే పట్టించుకునేలా తయారైన ఒక కంట్రోల్‌నెట్ వచ్చింది. పేరు క్యూఆర్ కోడ్ మాన్‌స్టర్. పేరుకి తగ్గట్టే, బొమ్మలా కనిపించే క్యూఆర్ కోడ్‌ల కోసం చేసింది. కానీ జనం దానికి క్యూఆర్ కోడ్ బదులు సుడి ఇచ్చారు, చదరంగం గళ్ళు ఇచ్చారు, ముఖాలు ఇచ్చారు. 2023 సెప్టెంబర్‌లో ఇళ్ళూ వీధులూ కలిసి సుడిలా తిరిగిన మధ్యయుగపు ఊరి బొమ్మ ప్రపంచమంతా చుట్టేసింది. మా తాతయ్య బొమ్మ కూడా ఆ దారిలో చేసిందే.

మామూలు చాట్ యాప్‌లో 'పొలంలో ముఖం దాచు' అని రాసి చూడండి. నాకైతే పొలం మధ్యలో ఆకాశమంత ముఖం గీసి ఇచ్చింది. దాచడమంటే దానికి మాటలతో అర్థం కాదు. చుక్కలు పెట్టి ఇవ్వాల్సిందే.

మీరు చేయాలంటే

8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉంటే స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 మోడల్, దానికి క్యూఆర్ కోడ్ మాన్‌స్టర్, రెండింటినీ నడపడానికి కంఫీయూఐ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కంప్యూటర్ లేకపోతే ఇదే పని బ్రౌజర్‌లో చేసే సైట్లున్నాయి. కానీ ఇంట్లోవాళ్ళ ఫొటో ఉచిత సైట్‌లో పెడుతున్నామంటే, అది వేరే వాళ్ళ సర్వర్‌లోకి వెళ్తోందని గుర్తుంచుకోండి. ముందు సుడి, గుండె ఆకారం, మీ పేరులో మొదటి అక్షరం లాంటి వాటితో చెయ్యి తిరగనివ్వండి.

ఒకటి, ఫొటో. బ్లాక్ అండ్ వైట్ చేయండి. ముఖం ఫ్రేమ్‌లో సగానికి పైగా నిండాలి. కాంట్రాస్ట్ పెంచి, కొంచెం బ్లర్ చేయండి. చుట్టూ ఉన్న ఖాళీని తెల్లగానో నల్లగానో వదలకండి. సరిగ్గా మధ్యస్థపు బూడిద రంగు నింపండి. బూడిద రంగు ఉన్నచోట మోడల్‌కి స్వేచ్ఛ ఉంటుంది, బొమ్మ అంచులు కలిసిపోతాయి. తర్వాత ఆ ఫొటోని ఫోన్ గ్యాలరీలో అన్నిటికంటే చిన్న సైజులో చూడండి. అప్పుడు కూడా మనిషిని గుర్తుపట్టగలిగితేనే అది పనికొస్తుంది.

రెండు, దృశ్యం. చిన్న చిన్న వస్తువులు, నీడలు బాగా ఉన్న చోటు ఎంచుకోండి. కూరగాయల బజారు, అడవి, కోట మెట్లు, మిద్దెల మధ్య సందులు, మబ్బులు బాగా కుదురుతాయి. ఖాళీ ఆకాశం, సున్నం కొట్టిన గోడ కుదరవు, దాచడానికి అక్కడ ఏమీ ఉండదు కాబట్టి. ప్రాంప్ట్ ఇంగ్లీషులో రాయాలి, ఈ మోడల్ నేర్చుకున్నది ఎక్కువగా ఆ భాషలోనే. ప్రాంప్ట్‌లో ముఖం అనే మాటే రానివ్వకండి. రాస్తే నిజం ముఖం గీసేస్తుంది. 'పొద్దుటి ఏటవాలు ఎండ, పొడవాటి నీడలు' అన్న అర్థం వచ్చే మాటలు మాత్రం తప్పకుండా పెట్టండి. ముఖంలోని నలుపుని మోడల్ ఆ నీడల్లో సర్దుకుంటుంది.

మూడు, బలం. కంట్రోల్‌నెట్ మాట ఎంత గట్టిగా వినాలో చెప్పే అంకె ఒకటుంటుంది. 1 దగ్గర మొదలుపెట్టి 0.1 చొప్పున మార్చండి. తక్కువైతే ముఖం మాయం, ఎక్కువైతే పొలం మాయం. నాకు 1.1, 1.3 మధ్య కుదిరింది. మీ ఫొటోకి వేరేగా ఉండొచ్చు. ఈ అంకె మార్చేటప్పుడు సీడ్ నంబర్ మార్చకండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు పాటించే పద్ధతే ఇది.

నాలుగు, పెద్దది చేయడం. ప్రింట్‌కి కావాల్సిన సైజు కోసం బొమ్మని రెండోసారి మోడల్‌లోంచి పంపుతారు. అప్పుడు కూడా కంట్రోల్‌నెట్ ఆన్‌లో ఉంచండి. నేను మొదటిసారి మర్చిపోయాను. పొలం బ్రహ్మాండంగా వచ్చింది, తాతయ్య సగం పోయాడు.

ఐదు, పరీక్ష. చిన్న సైజులో చూడండి, పది అడుగుల దూరం నుంచి చూడండి, కళ్ళజోడు ఉంటే తీసి చూడండి. ముఖ్యంగా, సంగతి తెలియని వాళ్ళకి చూపించండి. చేసినవాడి కంటికి ముఖం ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. మన సాక్ష్యం చెల్లదు.

మన ఊరు దానికి తెలీదు

నా టైమ్ ఎక్కువ తిన్నది ముఖం కాదు, పొలం. వరి చేను అని రాస్తే కొండల మీద మెట్లు మెట్లుగా ఉన్న పొలాలు ఇచ్చింది. తాటిచెట్టు అంటే బీచ్ రిసార్ట్ కొబ్బరిచెట్టు. గడ్డివాము అంటే యూరప్ పొలాల్లో ఉండే గుండ్రటి గడ్డిచుట్టలు. పల్లెటూరు అని ఊరుకుంటే ఎర్ర పెంకుల రాతి ఇళ్ళు, మధ్యలో చర్చి గోపురం. మోడల్ ఏ బొమ్మలు ఎక్కువ చూసిందో అవే మనకి తిరిగిస్తుంది. మా గుంటూరు వైపు కాలవ గట్టు అది ఎక్కువసార్లు చూసినట్టు లేదు.

చివరికి చేసిన పని సింపుల్. బాబాయికి ఫోన్ చేసి పొద్దున్నే పొలం ఫొటోలు పది తీసి పంపమన్నాను. వాటిలో ఒకటి మోడల్‌కి ఆధారంగా ఇచ్చి, దాని మీద మార్చమన్నాను. అప్పుడు తాటిచెట్లు తాటిచెట్లలా వచ్చాయి, పెద్దత్త చెప్పినట్టు కాస్త లావుగా. బాబాయి తన పొలాన్ని తనే గుర్తుపట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

క్యూఆర్ కోడ్‌తో ఆటలొద్దు

ఈ బొమ్మలు చూసి ఊపొచ్చి, తెలిసినాయన టిఫిన్ సెంటర్‌కి కళాత్మకమైన పేమెంట్ క్యూఆర్ చేసి ఇచ్చాను. అరిటాకు, ఇడ్లీలు, పచ్చడి గిన్నెలు, అన్నీ కలిసి క్యూఆర్. నా ఫోన్‌లో టక్కున స్కాన్ అయింది. మూడో రోజు ఆయన ఫోన్ చేశాడు. పొద్దున రద్దీలో సగం మంది ఫోన్లు పట్టుకోవడం లేదట. కొందరు తర్వాత ఇస్తామని వెళ్ళిపోయారట. తప్పు నాదే. ఆ వారం పోయిన డబ్బులు నేనిస్తానంటే ఆయన తీసుకోలేదు. పాత కోడ్ మళ్ళీ అతికించేసుకున్నాడు.

ఎందుకిలా? క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ కంపెనీ తయారుచేసింది, కారు విడిభాగాలు లెక్కపెట్టుకోవడానికి. మరకలు పడినా చదవగలిగేలా అందులో తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు పెట్టారు. నాలుగు స్థాయిలు: సుమారు 7, 15, 25, 30 శాతం. అన్నిటికంటే పై స్థాయిలో దాదాపు 30 శాతం చెడినా కోడ్ చదవొచ్చు. ఇడ్లీలు, గిన్నెలు ఆ 30 శాతాన్నే వాడుకుంటాయి. ఇక నూనె చుక్క, ట్యూబ్‌లైట్ వెలుగు, గీతలు పడ్డ ఫోన్ కెమెరా వచ్చేసరికి మిగిలిందేమీ ఉండదు. ఇన్విటేషన్ కార్డు మీద సరదాకి చేయండి. తప్పనిసరిగా పై స్థాయి కోడ్ తీసుకోండి, మూడు మూలల్లో ఉండే చదరాలని చెడగొట్టకండి, పాత ఫోన్లతో కూడా పరీక్షించండి. డబ్బులు వచ్చే చోట మాత్రం మామూలు నలుపు తెలుపు కోడే పెట్టండి.

తిప్పితే మారే బొమ్మ

ఇంకో రకం కూడా ఉంది. నిలువుగా పెడితే ఒకటి, తలకిందులు చేస్తే ఇంకోటి. ఇటలీ చిత్రకారుడు ఆర్చింబోల్డో పదహారో శతాబ్దంలో కూరగాయల గిన్నె వేశాడు. తిప్పితే అది తోటమాలి ముఖం. ఇప్పుడు మిషిగన్ యూనివర్సిటీకి చెందిన డేనియల్ గెంగ్, ఇన్‌బమ్ పార్క్, ఆండ్రూ ఓవెన్స్ 'విజువల్ అనాగ్రామ్స్' పేరుతో ఇదే పని డిఫ్యూజన్‌తో చేశారు. గోల తీసే ప్రతి అడుగులోనూ మోడల్‌ని రెండుసార్లు అడుగుతారు. బొమ్మ నిలువుగా ఉన్నప్పుడు ఒక ప్రాంప్ట్‌తో, తిప్పి ఇంకో ప్రాంప్ట్‌తో. వచ్చిన రెండు జవాబుల సగటు తీసుకుని ముందుకెళ్తారు. ఇద్దరికీ నచ్చేదాకా బేరం నడుస్తుందన్నమాట.

దాచకూడనివి

దాచగలిగినప్పుడు ఏదైనా దాచొచ్చు, ఇబ్బంది అక్కడే. మామూలు ప్రకృతి దృశ్యంలా కనిపించే బొమ్మలో ఒక బూతు మాటో, ఒక కులాన్నో మతాన్నో తిట్టే నినాదమో పెట్టి ఫార్వర్డ్ చేయొచ్చు. మనిషి కంటికి దూరం నుంచి దొరికిపోయే ఇలాంటి ఆకారాలని, బొమ్మలు చదివే పెద్ద పెద్ద ఏఐ మోడళ్ళు చాలాసార్లు పట్టుకోలేవని పరిశోధనల్లో తేలింది. కాబట్టి యాప్ ఆపుతుందిలే అనుకోకండి. గ్రూపులో పెట్టేముందు ఒకసారి బొమ్మని చిన్నది చేసి చూడండి. పది సెకన్ల పని.

రెండోది, మనుషుల ముఖాలు. ఎదుటివాళ్ళ ముఖం వాళ్ళని అడక్కుండా దాచి పంచకండి. క్లాస్‌లో అమ్మాయి ముఖం మబ్బుల్లో దాచి స్టేటస్ పెట్టడం ప్రేమ కాదు, వేధింపు. పోయినవాళ్ళైతే ఇంట్లోవాళ్ళని అడగాలి. నేనూ అడగలేదు. సంవత్సరీకం రోజు అందరి ముందు ఆ బొమ్మ పెట్టాను. నానమ్మ బాగానే తీసుకుంది. తీసుకోకపోయి ఉంటే?

అయినా ఆవిడ ఊరికే వదల్లేదు. కాసేపు చూసి, "మీసం ఆయనది కాదురా. ఇంత లావుండేది కాదు. ఎవరో ఆసామిలా ఉన్నాడు" అంది. నిజమే. ముక్కు కింది నలుపుని మోడల్ గడ్డివాము నీడగా చేసి, ఇష్టమొచ్చినంత పెంచేసింది. దానికి తాతయ్య తెలీదు కదా. కొన్ని నల్ల మచ్చలు, కొన్ని తెల్ల మచ్చలు తెలుసు, అంతే. ఆ మచ్చల్లోంచి తాతయ్యని తీసింది నానమ్మ. యాభై రెండేళ్ళు కలిసి బతికింది కాబట్టి ఆవిడకి అవే చాలాయి. మీసం తప్పని పట్టుకున్నదీ ఆవిడే.

హైదరాబాద్ వచ్చాక ఫొటోలో మీసం సన్నం చేసి మళ్ళీ నలభై తీశాను. ఫోన్‌లో ఐదు పంపాను. మూడోది బాగుందంది.

ఆపరేషన్ అయింది. రెండు కళ్ళూ బాగున్నాయి. పోయిన నెల ఊరెళ్ళినప్పుడు కొత్త ప్రింట్ ఫ్రేమ్ కట్టించి, మంచానికి ఎదురుగా వసారా గోడకి కొట్టాను. నానమ్మ చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని గోడ దాకా వెళ్ళింది. "వరి కంకులు కూడా తెలుస్తున్నాయిరా. మీ తాతయ్య ఏడీ?" అంది. చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. కళ్ళజోడు తీసి చూసింది.

"ఆ, వచ్చాడు" అంది. తర్వాత మా పిన్నిని పిలిచి చెప్పింది, ఊడ్చేటప్పుడు మంచం ముందుకి జరపొద్దని.